క్లెయిమ్ రిజెక్ట్ అయిందా? ముందు కారణం చదవండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒకే బాధ మీద వచ్చాయి. ఉద్యోగం పోయింది, రావాల్సిన డబ్బు ఎక్కడో ఆగింది, ఎవర్ని అడిగినా సర్వర్ డౌన్ అనో రేపు రమ్మనో అంటున్నారు. పేర్లు తీసేసి, కాస్త కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టర్ కింద నాలుగేళ్లు చేశాను సార్. జీతం 16 వేలు. ఈఎస్‌ఐ, పీఎఫ్ కట్ అయ్యేవి. ఆర్డర్లు లేవని నలభై మందిని ఒకేసారి ఆపేశారు. ఇంగ్లీషులో ఉన్న ఒక కాగితం ఇచ్చి, సంతకం పెడితేనే ఆఖరి నెల జీతం పడుతుందన్నారు, అందరం పెట్టాం. అది రాజీనామా అని తర్వాత తెలిసింది. ఈఎస్‌ఐలో నిరుద్యోగులకు డబ్బులిస్తారని విని నెట్ సెంటర్‌లో అప్లై చేశాను. బ్రాంచ్ ఆఫీసులో అడిగితే ‘నువ్వే మానేశావు కదా, నీకు రాదు’ అంటున్నారు. నిజంగా రాదా?

జవాబు: ‘రాదు’ అని రాసిచ్చారా, నోటితో అన్నారా? ముందు ఇది తేల్చుకోండి. కౌంటర్ దగ్గర అన్న మాట మీద అప్పీలు ఉండదు. తిరస్కరించాం, కారణం ఇదీ అని కాగితం మీద గానీ మీ ఈఎస్‌ఐ లాగిన్‌లో గానీ కనబడితేనే దాన్ని పట్టుకుని పైకి వెళ్లగలరు. అలా ఇవ్వకపోతే తెల్లకాగితం మీద ‘ఫలానా తేదీన క్లెయిమ్ పెట్టాను, దానిపై నిర్ణయమూ కారణమూ రాతపూర్వకంగా ఇవ్వండి’ అని రాసి ఇన్‌వర్డ్‌లో (కాగితాలు తీసుకునే విభాగంలో) ఇవ్వండి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయం అని వాళ్లంటే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి.

ఇక పథకం సంగతి. దీని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన, 2018 జులై 1న మొదలైంది. మొదట్లో సగటు రోజు జీతంలో 25 శాతమే ఇచ్చేవారు. కరోనా వచ్చాక, 2020 మార్చి 24 నుంచి, దాన్ని 50 శాతం చేశారు, పని పోయాక 90 రోజులు ఆగాలన్న నిబంధనను 30 రోజులకు దించారు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు, అదీ గరిష్ఠంగా 90 రోజులకు. మీ లెక్కే వేద్దాం. నాలుగు చందా కాలాలు (ఒక్కోటి ఆరు నెలలు), అంటే రెండేళ్ల జీతం, మొత్తం 3,84,000 రూపాయలు. దాన్ని 730తో భాగిస్తే రోజుకు 526, అందులో సగం 263, తొంభై రోజులకు 23,670 దాకా వస్తుంది. పెద్ద మొత్తమేం కాదు, కానీ మూడు నెలల ఇంటద్దెకూ బియ్యానికీ సరిపోతుంది కాబట్టి వదులుకోవద్దు.

అర్హత చూస్తే, పని పోవడానికి ముందు రెండేళ్లు ఈఎస్‌ఐ ఉన్న ఉద్యోగంలో ఉండాలి, పని పోయిన దానికి ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి, మిగతా మూడింటిలో ఏదో ఒకదాంట్లోనూ 78 రోజులు ఉండాలి. నాలుగేళ్లు చేశారు కాబట్టి అక్కడ మీకు ఇబ్బంది లేదు. చిక్కల్లా కారణం దగ్గరే. తనంతట తాను మానేసిన వాళ్లకి, తప్పు చేసి క్రమశిక్షణ చర్య కింద తీసేసిన వాళ్లకి, రిటైరైన వాళ్లకి ఇది రాదు. ఆ రాజీనామా కాగితం మిమ్మల్ని మొదటి గుంపులో పడేసింది.

లోపల జరిగేది ఇది. కాంట్రాక్టర్ ప్రతి నెలా ఈఎస్‌ఐ పోర్టల్‌లో మీ పనిదినాలు ఎక్కించాలి, సున్నా రోజులైతే ఎందుకు సున్నానో ఒక జాబితాలోంచి ఎంచుకోవాలి. ‘లెఫ్ట్ సర్వీస్’, ‘ఆన్ లీవ్’, ‘రిట్రెంచ్‌మెంట్’ (పని తగ్గి తీసేయడం), ‘నో వర్క్’ ఇలా ఉంటాయి అందులో. పని లేదని ఆపేసినా సరే, ఆఫీసులో కూర్చున్న గుమాస్తా అలవాటుగా ‘లెఫ్ట్ సర్వీస్’ నొక్కేసి చేతులు దులుపుకుంటాడు. కొందరైతే ‘ఆన్ లీవ్’ పెట్టి వదిలేస్తారు, అప్పుడు ఆఖరి పనిదినం తేదీయే ఉండదు, రికార్డు ప్రకారం మీరింకా ఉద్యోగంలోనే ఉన్నట్టు లెక్క. కాబట్టి బ్రాంచ్ ఆఫీసులో గొడవపడి లాభం లేదు, వాళ్లు స్క్రీన్ మీద ఉన్నదే చదువుతారు. ఆ స్క్రీన్ మీది మాట మారాలి.

మారాలంటే మీరు ఒక్కరు కాక నలభై మందీ కలిసి కదలండి. నలభై మంది ఒకే రోజున, ఒకే టైపింగ్‌లో, పేరు మాత్రం చేత్తో నింపిన రాజీనామాలు ఇచ్చారంటే ఎవరైనా నమ్ముతారా? అదే మీకున్న గట్టి సాక్ష్యం. ఆ కాగితాల ఫోటోలు ఎవరి ఫోన్లో ఉన్నా తీసుకోండి. ‘రేపట్నుంచి రావద్దు’ అని సూపర్‌వైజర్ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇవన్నీ జతచేసి సంగారెడ్డిలో కార్మిక శాఖ అధికారికి ఉమ్మడి ఫిర్యాదు ఇవ్వండి, పని లేక తీసేశారని, రాజీనామాలు జీతం ఆపుతామని బెదిరించి రాయించుకున్నవని స్పష్టంగా రాయండి. కాంట్రాక్టర్‌కూ అసలు కంపెనీకీ కూడా కాపీ పంపండి. ఆ ఫిర్యాదు కాపీని బ్రాంచ్ మేనేజర్‌కి ఇచ్చి, క్లెయిమ్ మళ్లీ పరిశీలించమని అడగండి. అక్కడ కదలకపోతే హైదరాబాద్ ఆదర్శనగర్‌లోని ఈఎస్‌ఐ ప్రాంతీయ కార్యాలయానికి రాయండి, దాంతో పాటు కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ పోర్టల్ సీపీగ్రామ్స్‌లో వేయండి. చివరి మెట్టు ఈఎస్‌ఐ తగాదాలు వినే ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టు. అంతదాకా పోవాల్సి వస్తే లాయర్ ఫీజుకి భయపడకండి, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కార్మికులకు ఉచితంగా లాయర్‌ని పెడతారు.

కారణం మారకుండా డబ్బు రావడం మాత్రం కష్టమే, ఆశ పెట్టి పంపడం నాకిష్టం లేదు. పని పోయిన ఏడాదిలోపే క్లెయిమ్ పడాలి, పైగా ఈ పథకాన్ని శాశ్వతం చేయకుండా గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు, అందుకని కారణం మారేదాకా ఆగి అప్పుడు పెడదాం అనుకోకండి, రెండు పనులూ ఒకేసారి నడపండి. నెట్ సెంటర్ వాళ్లు స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ కావాలని డబ్బులడిగితే ఇవ్వొద్దు, 2020 నవంబర్‌లోనే దాన్ని తీసేశారు, ఆధార్, బ్యాంకు వివరాలు స్కాన్ చేసి పెడితే చాలు.

ఇంకో మాట, చాలామంది పని పోగానే ఈఎస్‌ఐ కార్డు బీరువాలో పడేస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య 78 రోజులకు చందా పడి ఉంటే వచ్చే జనవరి నుంచి జూన్ దాకా ఆస్పత్రి సౌకర్యం ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే సనత్‌నగర్ ఈఎస్‌ఐకి తీసుకెళ్లండి, ప్రైవేటులో అప్పుచేసి కట్టకండి.

ప్రశ్న: మాది కాకినాడ అండీ. బెంగళూరులో కాల్ సెంటర్‌లో మూడేళ్లు చేశాను, ప్రాజెక్టు ఎత్తేసి అందర్నీ పంపేశారు. పీఎఫ్ కోసం మొదటిసారి పెడితే ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్ లేదు’ అని, రెండోసారి ‘నేమ్ మిస్‌మ్యాచ్’ అని తిప్పికొట్టారు. మూడోది ‘అండర్ ప్రాసెస్’ అని నెల దాటింది. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్పించుకున్నాను. ఒక ఏజెంట్ రెండు వేలిస్తే వారంలో చేయిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: వద్దమ్మా. అతను చేసేది మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ నంబర్), పాస్‌వర్డ్, ఓటీపీ తీసుకుని మీరు నొక్కాల్సిన బటన్లే తను నొక్కడం. ఓటీపీ చెప్పారంటే బ్యాంకు ఖాతా నంబర్ కూడా మార్చేయగలడు.

మొదటి రెండు రిజెక్షన్లూ న్యాయమైనవే, విసుక్కోకుండా వాటిని వరసగా తుడిచేయాలి. కంపెనీ ఎగ్జిట్ తేదీ వేయకపోతే మీరే వేసుకోవచ్చు. ఆఖరి చందా పడిన నెల తర్వాత రెండు నెలలు దాటాక పోర్టల్‌లో ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’ ఉంటుంది, ఆఖరి చందా పడిన నెలలోని తేదీనే ఇవ్వాలి. హెచ్ఆర్ వాళ్ల కాళ్లు పట్టుకోనక్కర్లేదు, ఈ సంగతి ఎంతమందికి చెప్పినా మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది.

పేరు గొడవ మన తెలుగువాళ్లకి మరీ ఎక్కువ. స్కూల్ సర్టిఫికెట్లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తిగా, ఆధార్‌లో చివర, పెళ్లయిన ఆడవాళ్లకైతే అత్తింటిపేరు. పీఎఫ్ కంప్యూటర్‌కి వీళ్లంతా వేరువేరు మనుషులు. మీరు చేరింది మూడేళ్ల కిందటే కాబట్టి యూఏఎన్ 2017 అక్టోబర్ 1 తర్వాతదే అయ్యుంటుంది, ఆధార్‌తో వెరిఫై అయి ఉంటే పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, వైవాహిక స్థితి లాంటివి మీరే ఆన్‌లైన్లో దిద్దుకోవచ్చు, 2025 జనవరిలో ఈ వెసులుబాటు ఇచ్చారు. ముందు ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం మూడింట్లో ఒకే పేరు ఉందో లేదో చూడండి. పాన్ పాతింటిపేరు మీదే ఉంటే మొదట అది మార్చాలి, లేకపోతే పీఎఫ్‌లో దిద్దినా ఇంకోచోట తగులుకుంటుంది.

ఇక మూడోది, నెల దాటిందన్నది. ఇక్కడ మాత్రం తప్పు మీది కాదు. అన్నీ సరిగ్గా ఉన్న క్లెయిమ్‌ని 20 రోజుల్లో తేల్చాలని 1952 పీఎఫ్ స్కీమ్‌లో పేరా 72(7) చెబుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, అదీ కమిషనర్ జీతంలోంచి కోయొచ్చని కూడా అందులోనే ఉంది. అలా కోశారని ఎక్కడా వినలేదు లెండి, కానీ ఆ పేరా నంబర్ ఫిర్యాదులో కనబడితే చదివేవాళ్లు కాస్త నిటారుగా కూర్చుంటారు. పీఎఫ్ గ్రీవెన్స్ పోర్టల్‌లో కథంతా రాయకండి. ఇంత చాలు: ‘క్లెయిమ్ ఐడీ ఇదీ, పెట్టిన తేదీ ఇదీ, 20 రోజులు దాటింది. పేరా 72(7) ప్రకారం ఆలస్యానికి కారణమూ, పరిష్కరించే తేదీ తెలపగలరు.’ దానికీ ‘పరిశీలనలో ఉంది’ అని ముక్తసరిగా జవాబిచ్చి మూసేస్తే సీపీగ్రామ్స్‌లో వేయండి, అక్కడ 21 రోజుల గడువుంది, నచ్చకపోతే అప్పీలు బటన్ కూడా ఉంది. ప్రతి నెలా 27న జిల్లాల్లో ‘నిధి ఆప్కే నికట్’ అని పీఎఫ్ అధికారులు కూర్చుంటారు, సెలవైతే మర్నాడు, కాకినాడలో ఎక్కడ పెడుతున్నారో కనుక్కుని కాగితాలతో వెళ్లండి. మీ మెంబర్ ఐడీ మొదట్లో బీజీబీఎన్‌జీ అని ఉంటే ఫైలు బెంగళూరులో ఉన్నట్టు, ఇక్కడి వాళ్లు డబ్బు విడుదల చేయలేరు గానీ ఫిర్యాదు నమోదు చేసి అక్కడికి పంపుతారు.

ఎంత తీసుకోవచ్చన్నది అడగలేదు గానీ చెబుతాను. పాత లెక్కలో నెల ఖాళీగా ఉంటే 75 శాతం, రెండు నెలలైతే మొత్తం. 2025 అక్టోబర్ 13న పీఎఫ్ ట్రస్టీల బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది: 75 శాతం వెంటనే, మిగతాది పన్నెండు నెలల తర్వాత, పెన్షన్ సొమ్ము 36 నెలల తర్వాత. అందుకని పాత యూట్యూబ్ వీడియో చూసి క్లెయిమ్ పెట్టకండి, మీ లాగిన్‌లో ఏ ఫారం తెరుచుకుంటుందో, ఎంతకు అర్హత చూపిస్తుందో అదే పెట్టండి. మళ్లీ ఉద్యోగానికి వెళ్లే ఉద్దేశం ఉంటే పెన్షన్ భాగాన్ని మాత్రం కదపొద్దు. పదేళ్ల సర్వీసు కలిస్తేనే పెన్షన్, మీ మూడేళ్లూ అందులో లెక్కకొస్తాయి, ఆ సర్వీసును నిలబెట్టే స్కీమ్ సర్టిఫికెట్‌ని ఫారం 10సీలో అడగొచ్చు.

ప్రశ్న: జీడిమెట్లలో పనిచేసిన ఫ్యాక్టరీ వాళ్లు పే స్లిప్పులో పీఎఫ్ కోశారు, పాస్‌బుక్‌లో ఆఖరి ఏడాది ఖాళీ. అడిగితే ‘మేమూ నష్టాల్లో ఉన్నాం’ అంటున్నారు.

జవాబు: నష్టాలతో దీనికి సంబంధం లేదు. మీ జీతంలోంచి కోసి కట్టకపోవడం చట్టం దృష్టిలో నమ్మకద్రోహం, క్రిమినల్ కేసు. పే స్లిప్పులు, జీతం పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్, పాస్‌బుక్ ప్రింట్ పెట్టి పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదివ్వండి, విచారణ జరిపి బకాయి తేల్చాలని రాయండి. కదలిక లేకపోతే పది రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ వేసి ‘ఈ సంస్థపై ఏ చర్య తీసుకున్నారు, ఫైలు ఎవరి దగ్గరుంది’ అని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫైలు ఎవరి టేబుల్ మీదుందో అడిగితే అది ఆ టేబుల్ మీద ఎక్కువ కాలం ఉండదు.

ప్రశ్న: గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో మావారు పదకొండేళ్లు చేశారమ్మా. మిల్లు మూసేశారు, నోటీసు గేటుకి అంటించారు. ఈఎస్‌ఐలో మూడు నెలల డబ్బులే వస్తాయంటున్నారు.

జవాబు: మూడు నెలలది అటల్ పథకం. మీవారికి అంతకంటే మంచిది ఉంది, అడిగితే గానీ ఎవరూ చెప్పరు. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ అయినా, రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన వర్తిస్తుంది, 2005 ఏప్రిల్ 1 నుంచి ఉంది. రెండేళ్లు చందా కట్టి ఉంటే 24 నెలల దాకా ఇస్తారు, మొదటి ఏడాది సగటు జీతంలో సగం, రెండో ఏడాది పావు, ఆ కాలమంతా ఇంటిల్లిపాదికీ వైద్యం. ఒకే కాలానికి రెండు పథకాల డబ్బూ రాదు కాబట్టి తొందరపడి మూడు నెలల ఫారం నింపేయకండి, ముందు దీనికి అర్హత ఉందేమో బ్రాంచ్‌లో అడగండి. గేటు మీది నోటీసుని తేదీ కనబడేలా ఇవాళే ఫోటో తీయించండి, ఒక వానొస్తే అది ఉండదు. మిల్లు వాళ్లు ‘సెటిల్‌మెంట్’ అంటూ స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం ముందు పెడితే చదవకుండా సంతకం వద్దు, ఆ సంతకంతో ఇదంతా పోతుంది.

ప్రశ్న: డిగ్రీ అయి రెండేళ్లు. ఉద్యోగమే రాలేదు. నాకు ఇవేమైనా వస్తాయా?

జవాబు: రావు. పైవన్నీ జీతంలోంచి చందా కట్టిన వాళ్లకి. చదువుకుని ఖాళీగా ఉన్నవాళ్లకి ఇచ్చే భృతి పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వాల ఇష్టం. ఆంధ్రాలో 2018 అక్టోబర్ 2న యువనేస్తం పేరుతో నెలకు వెయ్యి మొదలుపెట్టారు, తర్వాత ప్రభుత్వం మారింది, అది ఆగింది. హామీని నమ్ముకుని అప్పు చేయొద్దు.

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం, గ్రీన్ కార్డు ఉంది. లేఆఫ్ అన్నారు, తీరా నేను అన్‌ఎంప్లాయ్‌మెంట్ (నిరుద్యోగ భృతి) క్లెయిమ్ పెట్టాక కంపెనీ ‘పాలసీ ఉల్లంఘన వల్ల తీసేశాం’ అని రాసింది. టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ నుంచి డినయల్ లెటర్ వచ్చి పది రోజులైంది. అప్పీలు చేస్తే సిటిజన్‌షిప్‌కి ఇబ్బందా? మా బావమరిది హెచ్1బీ, అతన్నీ తీసేశారు, అతనూ పెట్టొచ్చా?

జవాబు: ఈ పత్రిక పక్కన పెట్టి ముందు అప్పీలు వేసి రండి. టెక్సాస్‌లో గడువు 14 రోజులే, అదీ లెటర్ మీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు, వాళ్లు పోస్ట్ చేసిన తేదీ నుంచి. పక్క ఊరి స్నేహితుడు కాలిఫోర్నియాలో 30 రోజులన్నాడని ధీమాగా ఉండకండి, రాష్ట్రానికో లెక్క. ఆన్‌లైన్లోనే వేయొచ్చు, ‘ఈ నిర్ణయంతో ఏకీభవించను, నేను ఏ తప్పూ చేయలేదు, లేఆఫ్ అని చెప్పి పంపారు’ అని రెండు వాక్యాలు చాలు, వాదన హియరింగ్‌లో చెప్పుకోవచ్చు.

అప్పీలు నడుస్తున్నన్నాళ్లూ రెండు వారాలకోసారి పేమెంట్ రిక్వెస్ట్ పెడుతూనే ఉండాలి, ఉద్యోగ ప్రయత్నాల లాగ్ రాస్తూనే ఉండాలి. డినై అయింది కదా అని మానేసినవాళ్లు అప్పీలు గెలిచాక కూడా ఆ వారాల డబ్బు పోగొట్టుకుంటారు. హియరింగ్ ఫోన్లో జరుగుతుంది. లేఆఫ్ అన్న ఈమెయిల్, మేనేజర్ మెసేజ్, ఆఖరి రివ్యూ ఇవన్నీ ముందుగానే హియరింగ్ ఆఫీసర్‌కీ కంపెనీకీ పంపాలి, ఆ రోజు ఫోన్లో చదివి వినిపిస్తానంటే కుదరదు. తప్పు చేశారని రుజువు చేయాల్సింది కంపెనీ. వాళ్ల తరఫున హెచ్ఆర్ మనిషి వచ్చి ‘ఫైల్లో అలా ఉంది’ అంటే, ‘మీరు కళ్లారా చూశారా, ఏ రోజు, ఏ పాలసీ’ అని మర్యాదగా అడగండి. ఇంగ్లీషులో తడబడతామనుకుంటే తెలుగు దుబాసీ కావాలని ముందే చెప్పండి. అక్కడా ఓడితే మళ్లీ 14 రోజుల్లో కమిషన్‌కి రెండో అప్పీలు ఉంది, ఆ తర్వాత కోర్టు.

సిటిజన్‌షిప్ భయం వదిలేయండి. ఇది ఉద్యోగం చేసి సంపాదించుకున్న బీమా, పబ్లిక్ ఛార్జ్ (ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్లు) లెక్కలోకి రాదు. దరఖాస్తులో అబద్ధం రాస్తే మాత్రం అది వేరే కథ.

బావమరిదికి కష్టం. పని దొరికితే వెంటనే చేరగల అనుమతి ఉండాలన్నది షరతు, హెచ్1బీ వాళ్లది ఒక కంపెనీకి కట్టిన అనుమతి కాబట్టి సాధారణంగా ఇవ్వరు. అతని భార్యకి హెచ్4 ఈఏడీ (భర్త వీసా మీద ఉన్నవాళ్లకిచ్చే పని అనుమతి) ఉండి, ఆమె ఉద్యోగం పోయి ఉంటే ఆమె పెట్టుకోవచ్చు. అతను ఇప్పుడు చూసుకోవాల్సింది, ఉద్యోగం పోయాక అక్కడ ఉండనిచ్చే 60 రోజుల గ్రేస్ పీరియడ్. ఆఖరి పనిదినం ఏదో కంపెనీ నుంచి ఈమెయిల్‌లో రాయించుకుని, లాయర్‌ని ఈ వారమే కలవమనండి.